నేను జీతగత్తెనే

ఫిబ్రవరి 3, ఆదివారం

పగలంతా జరిగింది అక్కకు చెప్పుకుంటేగాని నాకు రోజు ముగిసినట్టుండదు. ఈరోజు చెప్పుకోవాల్సింది అక్క మీదే. మరి ఎవరితో చెప్పుకోను? అందుకే ఈ పుస్తకం. ఎవరూ చదవడానికి కాదు.

ఆరాధన అయ్యాక ఎవరూ వెళ్ళొద్దన్నారు. సంఘ కార్యదర్శిగారు మైకు దగ్గరికొచ్చారు. ఆయన ఎప్పుడూ నవ్వుతూనే ఉంటారు. చెడ్డ కబురు చెప్పేటప్పుడు ఇంకాస్త ఎక్కువ నవ్వుతారు. సంఘం నడిపే హోమ్‌లో, మంచం పట్టిన ముసలివాళ్ళకు అక్కా నేనూ మిగతా ఆయమ్మలూ చేసేది ఉద్యోగం కాదట, సేవట. సేవకు జీతం పుచ్చుకుంటే ప్రభువు ప్రేమకు వెల కట్టినట్టట. కాబట్టి వచ్చే నెల నుంచి ఆయమ్మలకూ వంటామెకూ జీతాలుండవు. సంఘానికి సంతోషం కలిగినప్పుడు ప్రేమకానుక ఇస్తారు. మిగిలిన డబ్బుతో మందిరానికి గంటగోపురం లేస్తుంది.

"జీతగాడు తోడేలు కనబడితే మందను వదిలేసి పారిపోతాడు. మనకు జీతగాళ్ళు వద్దు, ప్రేమించేవాళ్ళు కావాలి," అన్నారు. అక్కడక్కడా ఆమేన్‌లు లేచాయి.

నేనూ లేచాను. అక్క నా మోచెయ్యి పట్టుకుని కిందికి లాగింది. విదిలించుకున్నాను.

"అయ్యా, నేను జీతగత్తెనే. ఇరవయ్యేళ్ళుగా జీతానికే చేస్తున్నాను. ఆ హోమ్‌లోకి తోడేళ్ళు చాలానే వచ్చాయి. కలరా వచ్చింది, వరద వచ్చింది. నేను పారిపోలేదు. ఆ రోజుల్లో కమిటీ వాళ్ళెవరూ గేటు దాటి లోపలికి రాలేదు కూడా."

"అమ్మా, ఇది డబ్బు విషయం కాదు."

"నాకు డబ్బు విషయమేనండి. మా ఇంటి యజమానికి అద్దె బదులు ప్రేమకానుక ఇస్తే పుచ్చుకుంటాడా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. కార్యదర్శిగారి నవ్వు మాత్రం చెక్కు చెదరలేదు. "నీ హృదయం కఠినమైపోయిందమ్మా. నీ కోసం ప్రార్థన చేస్తాం."

"చెయ్యండి. దానికెలాగూ జీతం ఇవ్వక్కర్లేదు."

పాస్టరుగారు కొత్తగా వచ్చారు, చిన్నవాడు. తన బూట్లు చూసుకుంటూ కూర్చున్నారు. రేపటి నుంచి పనిలోకి రానని చెప్పి బయటికొచ్చేశాను. గేటు దగ్గర అక్క కోసం నిలబడ్డాను.

అక్క రాలేదు.

ఫిబ్రవరి 4

పొద్దున్నే మొదలైంది. స్టవ్వు మీద నీళ్ళు మరిగి మరిగి ఇంకిపోయాయి. ఇద్దరికీ ఆపాలని తోచలేదు.

"అందరి ముందూ నా పరువు తీశావు," అంది అక్క.

"నీ పరువు కాదు, వాళ్ళు నీ జీతం తీశారు. అది చూసుకో."

"ఇన్నాళ్ళూ నేను డబ్బు కోసం చేశాననుకుంటున్నావటే?"

"నేను డబ్బు కోసమే చేశాను. నా చెయ్యికంటే నీ చెయ్యి మెత్తగా ఉందేమో వెళ్ళి రాణిగారిని అడుగు."

రాణిగారు మా ఇద్దరి మంచం. అంటే, ఇద్దరం చెరోవైపు పట్టుకుంటేగాని కదలని మనిషి. మతి తప్పి చాలా ఏళ్ళయింది. ఆ వార్డంతా తన బంగళా అనీ, మేమంతా తన పనివాళ్ళమనీ ఆవిడ నమ్మకం. కోపమొస్తే "నీ జీతం కోసేస్తా" అంటుంది. కమిటీ కంటే ముందే చెప్పింది, మేమే వినలేదు.

అక్కకు నవ్వు రాలేదు. "ప్రభువు వంగి తన శిష్యుల కాళ్ళు కడిగాడు. అలాంటివాడి కోసం చేస్తూ కూలి అడగమంటావా?"

"ఆయన కడిగింది తన ఇష్టంతో కడిగాడక్కా. ఎవరో కమిటీ వేసి, కడగాల్సిందేనని తీర్మానం రాసిస్తే కాదు."

అక్క చాలాసేపు నన్ను చూసింది. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆ చూపే. "నేను వెళ్తున్నాను. టైమవుతోంది," అని వెళ్ళిపోయింది.

ఫిబ్రవరి 6

అక్క పెట్టె సర్దుకుంది. జీతం లేనప్పుడు అద్దెలో సగం నేనెలా ఇస్తాను, హోమ్‌లో సామాన్ల గది ఖాళీగా ఉంది, అక్కడే ఉంటానంది. నేను సరేనన్నాను. బట్టలు మడతపెడుతూ కూర్చున్నాను. మడిచినవే మళ్ళీ మడిచాను.

ఫిబ్రవరి 11

హోటల్లో పని దొరికింది. గదులు సర్దాలి, దుప్పట్లు మార్చాలి, స్నానాల గదులు కడగాలి. సూపర్‌వైజరు పొడుగాటి మనిషి, అస్సలు నవ్వదు. "ఇన్ని గదులు, ఇంత జీతం, నెలాఖరున చేతికిస్తాం," అంది. అంతే. హోటల్ని ప్రేమించమనలేదు. నా హృదయం గురించి అడగలేదు. ప్రాణానికి హాయిగా ఉంది.

మనిషి లేని మంచం మీద దుప్పటి మార్చడం ఎంత తేలికో ఇన్నాళ్ళూ తెలియలేదు. ఎవరూ మూలగరు. ఎవరూ తిట్టరు. పని అయిపోయాక కూడా చెయ్యి పట్టుకుని వదలకుండా ఎవరూ ఉండరు.

నాకేం బెంగగా లేదు.

ఫిబ్రవరి 19

హోమ్ వీధిలోంచి వచ్చాను. హోటలు నుంచి మా గదికి అదే దగ్గర దారి.

ఫిబ్రవరి 20

దగ్గర దారి కాదు. అయితే ఏంటట?

మార్చి 10, ఆదివారం

నేను మందిరం మానేస్తానని వాళ్ళనుకున్నారు. ఎందుకు మానాలి? దేవుడితో నాకేం పేచీ లేదు. పేచీ అంతా ఆయన పేరు చెప్పి జమాఖర్చులు రాసుకునేవాళ్ళతో. చివరి బెంచీలో కూర్చున్నాను. ముందు వరసలో ఒకావిడ పక్కామెతో, "జీతగత్తె వచ్చింది," అంది. నాకు వినిపించాలనే అంది. పాట ఇంకాస్త గట్టిగా పాడాను. నా గొంతు బాగుండదు, ఆ సంగతి నాకూ తెలుసు. కావాలనే పాడాను.

అక్క చిక్కింది. ప్రార్థనకు లేచినప్పుడు నడుం మీద చెయ్యి వేసుకుని, ముందు బెంచీ పట్టుకుని లేచింది. ముగింపు ప్రార్థన కాకముందే పక్క తలుపులోంచి వెళ్ళిపోయింది.

ఆమె కావాలనుకున్నది ఆమె చేస్తోంది. నాకేం?

మార్చి 27

వంటామె మార్కెట్లో కనబడింది. మనిషి సగమైంది. హోమ్ వంటింట్లో తిండి తినడానికి ఒప్పుకున్నారట, ఇంట్లో పిల్లలకు మాత్రం పట్టుకెళ్ళకూడదట.

"వదిలెయ్యి మరి," అన్నాను.

"నేను వదిలేస్తే ఆ ముసలాళ్ళకు ఎవరు వండుతారు చెల్లెమ్మా? అదే కదా వాళ్ళ ధీమా."

మిగిలిన ఇద్దరు ఆయమ్మలు ఈ నెల మొదట్లోనే మానేశారట. మొదటి వారం మందిరం నుంచి ఆడవాళ్ళు గుంపులుగా వచ్చారట. పళ్ళు తెచ్చారు, పాటలు పాడారు, ఫోటోలు తీసుకున్నారు. రెండోవారం సగం మంది. తర్వాత ఒకరింట్లో పెళ్ళి, ఒకరి పిల్లలకు పరీక్షలు, ఒకరికి దుమ్ము పడదు. జీతానికి చేసేవాడు రాకపోతే సెలవు చీటీ ఇచ్చుకోవాలి. ప్రేమించేవాడికి ఆ బాధ లేదు.

"మరి వార్డు ఎవరు చూస్తున్నారు?"

"ఎవరు చూస్తారు? మీ అక్కే."

రాణిగారిని ఒక్కతే ఎలా ఎత్తుతోందని అడగబోయాను. అడగలేదు. అడిగితే నేను వెళ్ళాల్సి వస్తుంది.

ఏప్రిల్ 9

అక్క పడిపోయింది.

ఏప్రిల్ 11

నిన్న రాసే ఓపిక లేకపోయింది. వంటామె హోటలుకే ఫోన్ చేసింది. రాణిగారిని ఒక్కతే మంచం మీంచి ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టబోతే అక్క నడుం కలుక్కుమందట. అప్పుడు కూడా రాణిగారిని కింద పడనివ్వలేదు. ముందు ఆవిడను కుర్చీలోకి చేర్చి, ఆ తర్వాత తను పడింది.

డాక్టరు స్కాన్ ఫిల్మ్ ఎత్తి వెలుగులో చూపించాడు. వెన్నుపూసల మధ్య డిస్కు జారి నరాన్ని నొక్కుతోందట. ఆపరేషన్ లేకుండా సర్దుకోవచ్చు, కానీ నెలన్నర చదును మంచం మీంచి లేవకూడదు. "ఇక బరువులు మాత్రం ఎత్తకూడదు. ఎప్పటికీ," అన్నాడు.

అక్క నాతో అన్న మొదటి మాట: "రాణిగారికి దెబ్బ తగల్లేదు కదా?"

రెండు నెలల తర్వాత మొదటి మాట.

"నీ ప్రేమకు ఓ దండం," అన్నాను. ఏడుపొచ్చింది. నీళ్ళ గ్లాసు కోసం వెళ్ళినట్టు బయటికెళ్ళాను.

మా గదికి మెట్లు నిటారుగా ఉంటాయి, స్ట్రెచర్ తిరగదు. పైగా అక్క హోమ్‌కే పోతానంది. కమిటీ పెద్ద మనసు చేసుకుని ఒక మంచం ఇచ్చింది. అక్కడ మంచాలకు మాత్రం కొదవ లేదు. చూసుకునేవాళ్ళకే కొదవ.

ఏప్రిల్ 13

హోటల్లో సెలవు పెట్టి వచ్చాను. ఒక నియమం పెట్టుకున్నాను. నేను వచ్చింది మా అక్క కోసం. తోడబుట్టినదానికి చేసుకోవడం నా ఇష్టం. మిగతా మంచాల మీద చెయ్యి వేయను. జీతం ఇస్తే వేస్తాను.

ఏప్రిల్ 14

రాణిగారికి పక్క మార్చాను. అది నియమం తప్పడం కాదు. ఆవిడ అరుస్తుంటే పక్క మంచం మీంచి అక్క లేవబోయింది. అక్క లేవకూడదు కాబట్టి మార్చాను. అంటే అక్క కోసమే.

పక్క మార్చినప్పుడు చూశాను. నడుం కింద అరచేయంత పుండు. మేమిద్దరం ఉన్నన్నాళ్ళూ ఆ ఒంటి మీద ఒక్క ఎర్ర మచ్చ లేదు. అక్క ముఖం అటు తిప్పుకుంది. "ఒక్కదాన్నే తిప్పలేకపోయానే," అంది. నేనేమీ అనలేదు. అనిపించుకోవాల్సినవాళ్ళు అక్కడ లేరు.

ఏప్రిల్ 15

కిటికీ పక్క మంచం తాతకు పాలు పట్టాను. ఆయన చేతులు వణుకుతున్నాయి, కప్పు ఒలికితే నేలంతా జారుతుంది, మళ్ళీ అక్క దగ్గరికి వెళ్ళేటప్పుడు నేను పడతాను. అక్క కోసమే.

ఏప్రిల్ 18

ఈరోజు అక్క కోసం వార్డు మొత్తానికి స్నానాలు చేయించాను.

ఏప్రిల్ 22

రాణిగారు చాలా ప్రసన్నంగా ఉన్నారు. పుండు కడిగి మందు వేస్తుంటే నొప్పికి పళ్ళు బిగబట్టి, "నువ్వు మంచి పనిమనిషివి. ఈ నెల నుంచి నీ జీతం పెంచుతున్నాను," అన్నారు.

ఈ భవనంలో జీతం ఇస్తానన్నది ఆవిడ ఒక్కతే. మతి ఎవరికి పోయిందో నాకు అర్థం కావడం లేదు.

అక్క నవ్వీ నవ్వీ, నడుం నొప్పొచ్చి, నవ్వించొద్దని నన్ను తిట్టింది. చాలా రోజులైంది ఆ తిట్టు విని.

ఏప్రిల్ 30

హోటలు సూపర్‌వైజరు పిలిపించింది. "నువ్వు పని బాగా చేస్తావు. కానీ గదులు ఆగవు కదా. సోమవారం వస్తావా, రావా?"

"రాలేనండి."

నేను పని చేసిన రోజులన్నిటికీ లెక్కగట్టి అక్కడికక్కడే చేతిలో పెట్టింది. ఆ మనిషి నేనంటే ఇష్టమని ఎప్పుడూ అనలేదు. నాది ఒక్క పైసా ఉంచుకోలేదు. వచ్చేటప్పుడు తలుపు దాకా వచ్చి, "మీ అక్కకు ఎలా ఉంది?" అని అడిగింది.

ఇంటి యజమాని అద్దెకు ఒక నెల ఆగుతానన్నాడు. ఆ తర్వాత ఆగడట.

మే 12, ఆదివారం

కార్యదర్శిగారు వార్డుకొచ్చారు. గుమ్మం దగ్గరే ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నారు. నేను తాత పక్కగుడ్డలు మారుస్తున్నాను. ఆయన ముఖం వెలిగిపోయింది.

"చూశావా అమ్మా! ఎన్ని మాటలన్నావు ఆ రోజు! ప్రభువు నిన్ను మెత్తబరిచి మళ్ళీ తీసుకొచ్చాడు. ఇప్పుడు జీతం లేకుండా చేస్తున్నావు కదా?"

"చేస్తున్నానండి." లేదని ఎలా అంటాను? చేతిలో తాత గుడ్డలున్నాయి.

"వచ్చే ఆదివారం సంఘ వార్షికోత్సవం. నువ్వు సాక్ష్యం చెప్పాలి. జీతగత్తెగా వెళ్ళి, సేవకురాలిగా తిరిగొచ్చిన సాక్ష్యం! అది వింటే చుట్టుపక్కల సంఘాలు కూడా మన పద్ధతిలోకి వస్తాయి."

నాకు ఒళ్ళు మండింది. ఇన్నాళ్ళూ "అక్క కోసమే, అక్క కోసమే" అనే అబద్ధం కింద నేను దాచుకున్నదాన్ని ఆయన తీసుకెళ్ళి గంటగోపురం మీద కట్టాలనుకుంటున్నాడు. అవును, అబద్ధమే. తాతకు గుడ్డలు మార్చింది తాత కోసమే. రాణిగారి పుండు మానుతుంటే నాకు అన్నం సహిస్తోంది. ఇది ఎక్కడా ఒప్పుకోకూడదనుకున్నాను. ఒప్పుకుంటే ఆయన గెలిచినట్టవుతుందని.

"చెప్తానండి," అన్నాను.

"ప్రభువుకు స్తోత్రం!" అని వెళ్ళిపోయారు, రుమాలు తీయకుండానే.

మే 16

అక్క ఇప్పుడు దిండు ఆనుకుని కూర్చోగలుగుతోంది. సాయంత్రం తల దువ్వుతుంటే అడిగింది, "ఆదివారం ఏం చెప్తావు?"

"ఏం చెప్పాలో నువ్వు చెప్పు. పెద్ద భక్తురాలివి నువ్వు."

"నేను ఇచ్చింది ఇష్టంగానే ఇచ్చానే. దానికి నాకేం బాధ లేదు. నడుం పోయినందుకు కూడా లేదు. మళ్ళీ అడిగినా ఇస్తాను."

"తెలుసు."

"కానీ వంటామె ఒకరోజు నా దగ్గరికొచ్చి ఏడ్చింది. పిల్లలకు సాయంత్రం పెట్టడానికి ఏమీ లేదు, కమిటీతో నువ్వో మాట చెప్పక్కా అంది. నేనేమన్నానో తెలుసా? ప్రేమతో చెయ్యి, దేవుడు చూసుకుంటాడు అన్నాను. నా ప్రేమ నా నెత్తిన పెట్టుకుంటే తప్పులేదు. ఆమె నెత్తిన పెట్టాను చూడు, అక్కడే తప్పు చేశాను."

దువ్వెన ఆగిపోయింది.

"నువ్వు అడుగు," అంది. "నేను అడగలేను. నాకు అలవాటు లేదు. నీ నోటికి అలవాటే కదా. అడుగు, అందరి కోసం అడుగు."

"నా నోటి మీద ఇన్నాళ్ళకు నీకు గౌరవం కలిగిందన్నమాట."

"గౌరవం కాదు, అవసరం," అంది. మా అక్క మారిందని ఎవరైనా అంటే నమ్మను.

మే 19, ఆదివారం

ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

మందిరం నిండిపోయింది. పక్క సంఘాల పెద్దలు కూడా వచ్చారు. వేదిక పక్కన గంటగోపురం బొమ్మ, అట్టముక్కలతో చేసింది, గుడ్డ కప్పి పెట్టారు. కార్యదర్శిగారు నన్ను పిలిచి, నేనెంత కఠినురాలినో, ఎలా విరిగి నలిగి తిరిగొచ్చానో తనే సగం సాక్ష్యం చెప్పేశారు. మిగతా సగం నాకిచ్చారు.

మైకు పట్టుకున్నాను. చివరి బెంచీ దగ్గర, చక్రాల కుర్చీలో అక్క కనబడింది. వంటామె తోసుకొచ్చినట్టుంది. డాక్టరు వింటే చంపేస్తాడు.

"అయ్యగారు చెప్పింది నిజమే," అన్నాను. "నేను ఇప్పుడు జీతం లేకుండా చేస్తున్నాను. ఎందుకంటే ఆ ముసలివాళ్ళంటే నాకు ప్రేమ. ఇప్పుడే కాదు, జీతం పుచ్చుకున్న రోజుల్లో కూడా ప్రేమే. ఏ చేత్తో జీతం పుచ్చుకున్నానో ఆ చేత్తోనే వాళ్ళ ముఖం తుడిచాను. ఆ రెండింటికీ మధ్య నాకెప్పుడూ గొడవ రాలేదు. గొడవ మీరు తెచ్చారు."

కార్యదర్శిగారు ముందుకొచ్చి, "అమ్మా, సాక్ష్యం మాత్రం…" అన్నారు.

"ఇదే సాక్ష్యమండి. నా ప్రేమ నాది. అది నేనెవరికి ఇచ్చుకుంటానో నా ఇష్టం. జీతం మీరు ఇవ్వాల్సింది. మీరు ఇవ్వాల్సినదాన్ని నా ప్రేమలోంచి చెల్లు రాసుకోవడానికి మీరెవరు? ద్రాక్షతోట యజమాని కథ ఇక్కడే ఎన్నోసార్లు విన్నాను. పొద్దుగూకేటప్పుడు వచ్చినవాళ్ళకు కూడా ఆయన రోజు కూలి పూర్తిగా ఇచ్చాడు. చీకటి పడ్డాక అందర్నీ వరసగా నిలబెట్టి, మీరంతా నన్ను ప్రేమించి చేశారు కాబట్టి ఇళ్ళకు పొండి అనలేదు!"

మైకు ఆగిపోయింది. ఎవరో తీగ లాగేశారు. చెవులు వినబడనివాళ్ళ మధ్య ఇరవయ్యేళ్ళు పని చేసినదాన్ని, నాకు మైకెందుకు?

"మా అక్క జీతం వద్దంది. అది ఆమె ఇచ్చుకున్న కానుక. కానుక అంటే వద్దనడానికి కూడా వీలుండాలి. వంటామెకు ఆ వీలుందా? మీరు అడిగారా ఆమెను? మా అక్కను వార్డులో ఒంటరిగా వదిలేస్తే ఆమె నడుం విరిగింది. రాణిగారి ఒంటి మీద పుండు పడింది. రండి, వచ్చి ఆ పుండు చూసి, ఇది ప్రేమ అని చెప్పండి. ఆ తర్వాత గోపురం కట్టుకోండి."

కార్యదర్శిగారికి మొదటిసారి నవ్వు జారిపోయింది. "ప్రభువు మందిరంలో డబ్బు పంచాయితీ! కూర్చో!" అని అరిచారు.

"కూర్చుంటాను. ఒక్క మాట చెప్పండి. పాస్టరుగారికి ప్రతి నెలా ఇచ్చేదాన్ని ఏమంటారు? ఆయనకు ప్రభువంటే ప్రేమ లేదా?"

పాస్టరుగారి ముఖం ఎర్రబడింది. ఆయన మళ్ళీ బూట్లు చూసుకుంటారనుకున్నాను. లేచి నిలబడ్డారు.

"ఆమె అడిగింది సరైన ప్రశ్న. ఫిబ్రవరిలో నేను అడగాల్సిన ప్రశ్న," అన్నారు. "నాకు జీతం ఇస్తున్నారు, నేను పుచ్చుకుంటున్నాను. దానివల్ల నా ప్రేమ తగ్గిందని ఎవరూ అనలేదు. కాబట్టి వాళ్ళకో పద్ధతి, నాకో పద్ధతి ఉండకూడదు. వాళ్ళ జీతాలు తిరిగి ఇచ్చేదాకా నాది కూడా ఆపండి. ఈ మాట మినిట్స్‌లో రాయండి."

అప్పుడు రేగింది గోల. సగం మంది లేచారు, సగం మంది లేచినవాళ్ళను కూర్చోబెట్టబోయారు. నేను నడవాలోంచి నడిచి అక్క దగ్గరికెళ్ళాను.

"మరీ అంత గట్టిగా అరవాలటే?" అంది అక్క. నా చెయ్యి పట్టుకుంది. హోమ్ చేరేదాకా వదల్లేదు.

మే 21

ఎవరూ రాలేదు. వార్డు వార్డులాగే ఉంది.

మే 23

వంటామె పొయ్యి వెలిగించలేదు. కమిటీ సమావేశంలో, జీతాలు తిరిగి ఇద్దాం గాని ఆ నోటిదురుసు మనిషిని మాత్రం పనిలోకి తీసుకోవద్దని కార్యదర్శిగారు అన్నారట. ఆ కబురు వంటింటికి చేరింది. "ఆమె లేకపోతే నేనూ లేను," అని వంటామె గరిటె పక్కన పెట్టి స్టూలు మీద కూర్చుంది. మధ్యాహ్నం ముసలివాళ్ళకు భోజనం కమిటీ వాళ్ళ ఇళ్ళ నుంచి రావాల్సొచ్చింది. తెచ్చినవాళ్ళు వడ్డించాల్సొచ్చింది, తినిపించాల్సొచ్చింది కూడా. రాణిగారు కోశాధికారిగారి భార్యతో, "నీకు పని రాదు. రేపటి నుంచి రావద్దు," అన్నారు.

సాయంత్రానికి కమిటీ మెత్తబడింది.

జూన్ 2, ఆదివారం

సర్వసభ్య సమావేశంలో చేతులెత్తించారు. జీతాలు తిరిగొచ్చాయి. వార్డుకు ఇంకో ఇద్దరిని తీసుకుంటారు. గోపురం ఆగుతుంది. కార్యదర్శిగారు కార్యదర్శిగానే ఉన్నారు, మళ్ళీ నవ్వుతున్నారు కూడా. ఆయన్ని దించాలని నాకేం లేదు. నా పని ఆయనతో కాదు.

పాస్టరుగారు వార్డుకొచ్చి, ఆగిపోయిన నెలల జీతం అందరికీ ఇస్తామన్నారు. వంటామె కళ్ళకద్దుకుని పుచ్చుకుంది. అక్క వద్దంది.

"నేను ఇచ్చేశాను పాస్టరుగారూ. ఇచ్చినదాన్ని వెనక్కి పుచ్చుకోవడం నాకు చేతకాదు."

నేను నోరు తెరవబోయి మూసుకున్నాను. ఆ నిర్ణయం ఆమెది.

"మరి మీకమ్మా? మీరు ఏప్రిల్ నుంచి చేశారు," అన్నారు నాతో.

"నేను పుచ్చుకుంటాను. రాణిగారికి చేసినదానికి, తాతకు చేసినదానికి, అందరిదానికీ. మా అక్కకు చేసినదానికి మాత్రం వద్దు."

"ఎలా విడదీయమంటారు?"

"అది మీ తలనొప్పి," అన్నాను. ఆయన నవ్వారు. చిన్నవాడే, కానీ నేర్చుకుంటున్నాడు.

జూన్ 17

పనిలో చేరాను. నీలం యూనిఫాం భుజాల దగ్గర బిగుతుగా ఉంది. కొత్తమ్మాయిలిద్దరికీ మనిషిని ఎలా తిప్పాలో అక్క కుర్చీలోంచి చెబుతోంది, నేను చేసి చూపిస్తున్నాను. అక్క కర్ర పట్టుకుని నాలుగు అడుగులు వేస్తుంది. బరువెత్తదు. పక్కన కూర్చుని తినిపిస్తుంది, పాడుతుంది, వాళ్ళ కథలు వింటుంది. సంఘం ఆమెకు గదీ భోజనమూ ఇస్తానంది. ఇవ్వాలి కాబట్టి ఇస్తోంది. ఆ మాట నేను గుర్తు చేశాను.

కొత్తమ్మాయిల్లో చిన్నది అడిగింది, "ఇంత అసహ్యం పని జీతం కోసం కాకపోతే ఎవరైనా చేస్తారా అక్కా?"

"జీతం కోసమే చెయ్యి," అన్నాను. "మిగతాది నిన్ను ఎవరూ అడగరు. అడిగితే నాకు చెప్పు."

జూన్ 30, ఆదివారం

వారానికి ఒక సెలవు రాయించుకున్నాను. ఆ సెలవు నా హక్కు, దాన్ని ఎవరూ ముట్టుకోకూడదని అందరికీ గట్టిగా చెప్పాను. ఈరోజు మొదటి సెలవు.

మందిరానికెళ్ళాను. గదికొచ్చి వండుకున్నాను. దుప్పటి ఉతికి ఆరేశాను. కాసేపు పడుకున్నాను. మధ్యాహ్నం ఇంకా మిగిలే ఉంది.

వార్డులో ఎండ కిటికీలోంచి నేల మీద పడి ఉంది. తాత నిద్రపోతున్నాడు. అక్క రాణిగారికి గోళ్ళు తీస్తోంది. అలికిడికి తల తిప్పి, కళ్ళజోడు సర్దుకుని నన్ను చూసింది.

"ఇవాళ నీకు సెలవు కదే. ఎందుకొచ్చావు?"

"ఊరికే," అన్నాను.